నిక్ సేబన్ గెలుపులు 292 అనాలా, 297 అనాలా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నిక్ సేబన్ కాలేజీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌గా ఎన్ని గెలిచాడని వెతికితే ఒకచోట 292-71-1 అనీ ఇంకోచోట 297-71-1 అనీ కనిపిస్తోంది, ఏది నిజం అన్నది మొదటిది. మిషిగన్ స్టేట్‌లో ఐదేళ్లకు 34-24-1 అంటే మామూలు కోచే కదా, అలబామా లాంటి పెద్ద చోటికి వెళ్లబట్టే కదా అంత పేరు వచ్చింది అన్న మీ రూమ్మేట్ వాదన రెండోది.

ముందు మొదటిదానికి జవాబు. రెండు అంకెలూ సరైనవే. మైదానంలో గెలిచినవి 297, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పుస్తకంలో మిగిలినవి 292. రెండోదానికి జవాబు కాస్త పెద్దది, ఎందుకంటే ఆ మిషిగన్ స్టేట్ రోజులు నాకు బాగా తెలుసు. 1997లో ఎంఎస్ కోసం మిషిగన్ స్టేట్ ఉన్న ఈస్ట్ లాన్సింగ్‌లో దిగాను, అంటే ఆ 34 గెలుపుల్లో 22 నేను అక్కడ ఉండగా వచ్చినవే. తర్వాత ఉద్యోగం అలబామాలోని హంట్స్‌విల్‌కి తీసుకొచ్చింది, 2008 నుంచి అలబామాలోనే ఉంటున్నాను. మీ రూమ్మేట్ మామూలు కోచ్ అంటున్న మనిషినీ, ఇక్కడ జనం దేవుడిలా చూసే మనిషినీ రెండు చోట్లా చూసిన కళ్లతో చెబుతున్నాను.

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక మాట. ఇది సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. రికార్డులో మొదటి అంకె గెలుపులు, రెండోది ఓటములు, మూడోది ఉంటే అది టై. గెలుపు శాతం కట్టేటప్పుడు టైని అర గెలుపుగా లెక్కేస్తారు. ఇక సేబన్ లెక్క స్కూళ్లవారీగా చూద్దాం. (ఇక్కడ యూనివర్సిటీని కూడా స్కూల్ అనే అంటారు.) 1990లో ఒకే ఒక్క సీజన్ టొలీడోలో 9-2. 1995 నుంచి 1999 దాకా మిషిగన్ స్టేట్‌లో 34-24-1. 2000 నుంచి 2004 దాకా లూసియానా స్టేట్ యూనివర్సిటీలో, అంటే ఎల్‌ఎస్‌యులో, 48-16. 2007 నుంచి 2023 దాకా అలబామాలో 206-29. కూడితే 297-71-1. మధ్యలో ఉన్న ఖాళీలు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గడిపిన ఏళ్లు. 1991 నుంచి 1994 వరకు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో బిల్ బెలిచిక్ దగ్గర డిఫెన్స్ చూశాడు, 2005, 2006ల్లో మయామీ డాల్ఫిన్స్‌కి హెడ్ కోచ్‌గా 15-17 తెచ్చుకున్నాడు. అది ప్రొఫెషనల్ లెక్క, కాలేజీ లెక్కలో కలపకూడదు. కొందరు కలిపేసి మూడో అంకె ఒకటి తయారు చేస్తారు, దాన్ని పట్టించుకోకండి.

మరి ఆ ఐదు గెలుపులు ఎక్కడికి పోయాయి? అలబామాలో స్కాలర్‌షిప్ మీద ఆడే పిల్లలకు పాఠ్యపుస్తకాలు యూనివర్సిటీయే ఉచితంగా ఇచ్చేది. కొందరు తమకు రావలసిన వాటికంటే ఎక్కువ పుస్తకాలు తీసుకుని స్నేహితులకు ఇచ్చారు. ఇది ఫుట్‌బాల్ ఒక్కదానిలోనే కాదు, చాలా ఆటల్లో జరిగింది. 2007 అక్టోబర్‌లో బయటపడగానే సేబన్ తన జట్టులో ఐదుగురిని సస్పెండ్ చేశాడు. 2009లో ఎన్‌సీఏఏ తీర్పు ఇస్తూ 2005 నుంచి 2007 దాకా ఆ పిల్లలు ఆడిన 21 ఫుట్‌బాల్ గెలుపులను రికార్డు నుంచి తీసేసింది. అందులో 2005వి 10, 2006వి 6, 2007వి 5. సేబన్ వచ్చింది 2007లో కాబట్టి ఆయన లెక్కలోంచి పోయినవి ఆ ఐదే.

చాలామంది తికమక పడేది ఇక్కడే. గెలుపు తీసేశారు అంటే ఆ గేమ్‌లో అవతలి జట్టు గెలిచినట్టు కాదు. అవతలి జట్టుకు గెలుపు ఇచ్చేస్తే దాన్ని ఫోర్‌ఫీట్ అంటారు. ఇది వెకేట్ చేయడం, అంటే గెలిచినవాడి ఖాతాలో గెలుపు చెరిపేస్తారు, ఓడినవాడి ఖాతాలో ఓటమి అలాగే ఉంటుంది. 2007లో ఆర్కాన్సా మీద 41-38తో ఆఖరి క్షణాల్లో గెలిచిన గేమ్ చూసినవాళ్లు ఇప్పటికీ దాని గురించి ఆపకుండా మాట్లాడతారు. పుస్తకంలో ఆ గేమ్‌ని ఆర్కాన్సా ఓడింది గానీ అలబామా గెలవలేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, అవే వారాల్లో జార్జియా చేతిలో, ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఓడిన గేమ్‌లు మాత్రం ఓటములుగానే మిగిలాయి. అందుకే మైదానంలో 7-6 అయిన 2007 సీజన్ కాగితం మీద 2-6 అయింది. మిగిలిన ఆ రెండూ టెనెసీ మీద 41-17, ఇండిపెండెన్స్ బౌల్‌లో కొలరాడో మీద 30-24. (బౌల్ అంటే సీజన్ అయ్యాక బాగా ఆడిన జట్లను పిలిచి ఆడించే గేమ్.)

ఇందులో నిజంగా దెబ్బ తిన్నది సేబన్ కాదు, ఆయనకు ముందున్న మైక్ షూలా. నాలుగేళ్లలో 26-23 చేశాడు. గొప్ప రికార్డు కాకపోయినా ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ. 16 గెలుపులు పోయి 10-23 అయింది. పేరు తెలియనివాడు ఆ అంకె చూస్తే అలబామా చరిత్రలో ఇంత ఘోరమైన కోచ్ ఉన్నాడా అనుకుంటాడు. 2005లో ఆ జట్టు పది గేమ్‌లు గెలిచిన సంగతి ఆ అంకెలో ఎక్కడా లేదు. అందుకే నేను ఎవరితో మాట్లాడినా మైదానంలో వచ్చిన అంకె ముందు చెప్పి, అధికారిక అంకె పక్కన పెడతాను. క్విజ్‌లోనో పేపర్‌లోనో రాయాల్సి వస్తే 292 రాయండి, అది అధికారికం. కోచ్ పనిని తూచాలంటే 297 వాడండి.

ఆ ఒక్క టై గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఒక కాలం ముగిసిన గుర్తు. 1995లో, సేబన్ మిషిగన్ స్టేట్ మొదటి సీజన్లో, పర్డూతో గేమ్ 35-35 దగ్గర ఆగింది. అప్పటికి రెగ్యులర్ సీజన్ గేమ్‌లకు ఓవర్‌టైమ్ లేదు. తర్వాతి ఏడాది, 1996లో, ఓవర్‌టైమ్ వచ్చింది. అప్పటినుంచి కాలేజీలో టై అన్న మాటే లేదు. అలబామా పాతకాలపు గొప్ప కోచ్ బేర్ బ్రయంట్ రికార్డులో 17 టైలు ఉండి సేబన్‌కి ఒకటే ఉండటానికి కారణం అదే.

ఇంకో గేమ్ ఉంది. 1999లో మిషిగన్ స్టేట్ 10-2తో ముగిసింది, మీరు సేబన్ పేరు పక్కన చూస్తే 9-2 ఉంటుంది. రెగ్యులర్ సీజన్ అయ్యాక ఆయన ఎల్‌ఎస్‌యుకి వెళ్లిపోయాడు. సిట్రస్ బౌల్‌కి బాబీ విలియమ్స్ కోచింగ్ చేశాడు, ఫ్లోరిడా మీద 37-34తో ఆఖరి ఫీల్డ్ గోల్‌తో గెలిచారు, ఆ గెలుపు విలియమ్స్ ఖాతాలోకి పోయింది. అది న్యాయమే, ఆ రోజు సైడ్‌లైన్ మీద ఉన్నది ఆయనే. ఆ వార్త విన్నప్పుడు మా అపార్ట్‌మెంట్లో అందరికీ కడుపు మండిపోయింది, ఐదేళ్లు పెంచిన జట్టు పండే సమయానికి వదిలేసి పోతాడా అని. ఆ బాధ నాకు చాలా ఏళ్లు ఉంది.

అయితే ఈ ఖాతాల విషయంలో అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. 2018లో ఓహాయో స్టేట్ తన హెడ్ కోచ్ అర్బన్ మేయర్‌ని మొదటి మూడు గేమ్‌లకు సస్పెండ్ చేసింది. ఆ మూడు గెలుపులు ఆయన అసిస్టెంట్ రయన్ డే పేరు మీద రాశారు, అందుకే మేయర్‌కి ఓహాయో స్టేట్‌లో 83-9, లేకపోతే 86-9 అయ్యేది. 2020 నవంబర్లో సేబన్‌కి కోవిడ్ వచ్చి ఆబర్న్‌తో ఏటా ఆడే గేమ్‌కి (దాన్నే ఐరన్ బౌల్ అంటారు) ఇంట్లోనే ఉండిపోయాడు, అసిస్టెంట్ స్టీవ్ సార్కీసియన్ జట్టును నడిపాడు, 42-13తో గెలిచారు. ఆ గెలుపు మాత్రం సేబన్ 13-0లో ఉంది. ఒకటి సస్పెన్షన్, ఒకటి జబ్బు, తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ కెరీర్ మొత్తం చెప్పే అంకె వెనక ఇలాంటి నిర్ణయాలు ఉంటాయని తెలిసి చదవాలి.

ఇప్పుడు మీ రూమ్మేట్ మాటకు వస్తాను. 34-24-1 అంటే శాతం 58 పైచిలుకు. పైకి చూస్తే మామూలే. ఏడాది ఏడాది విడదీయండి: 6-5-1, 6-6, 7-5, 6-6, 9-2. నాలుగేళ్లు అక్కడక్కడే తిరిగి ఐదో ఏడు లేచింది. మొదటి గేమే సొంత మైదానంలో నెబ్రాస్కా చేతిలో 50-10. వెళ్లిన మూడు బౌల్ గేమ్‌లూ ఓడాడు, ఓడటం కూడా చిత్తుగా, 1996 సన్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్ చేతిలో 38-0, మరుసటేడు అలోహా బౌల్‌లో వాషింగ్టన్ చేతిలో 51-23. మొదటి ఏడాది ఇండిపెండెన్స్ బౌల్‌లో 45-26తో ఓడించింది ఎవరో తెలుసా, ఎల్‌ఎస్‌యు. తర్వాత నాలుగేళ్లకు ఆయన్ని పిలిచి పీట వేసింది వాళ్లే.

కానీ ఆయన చేతికి వచ్చిన జట్టు ఎలాంటిదో కూడా చూడాలి కదా. ముందున్న కోచ్ హయాంలో జరిగిన తప్పులకు 1996లో ఎన్‌సీఏఏ శిక్ష పడింది, 1994లో గెలిచిన ఐదు గేమ్‌లూ పోయాయి, ప్రొబేషన్ పెట్టారు, స్కాలర్‌షిప్పుల్లో కోత పడింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో స్కాలర్‌షిప్ అంటే ఒక ఆటగాడు. ఈ ఏడు కోత పడితే దాని దెబ్బ రెండు మూడేళ్ల తర్వాత తెలుస్తుంది, సీనియర్లు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. పైగా అదే రాష్ట్రంలో గంట దూరంలో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ ఉంది, 1997లో నేషనల్ టైటిల్ పంచుకున్న జట్టు అది. రాష్ట్రంలో మంచి కుర్రాడు ఎవడున్నా ముందు అటే చూస్తాడు.

ఇక 1998 నవంబర్ 7. కొలంబస్‌లో ఓహాయో స్టేట్‌తో గేమ్. వాళ్లు దేశంలో నంబర్ వన్, ఒక్కటీ ఓడలేదు, మేం గెలుస్తామని మా యూనివర్సిటీలోనే ఎవరూ అనుకోలేదు. మేం ఐదుగురం తెలుగువాళ్లం ఒక పాత టీవీ ముందు కూర్చుని చూశాం. 24-9తో వెనకపడ్డాక ఇద్దరు లేచి వంట మొదలుపెట్టారు. అక్కడినుంచి తిరగబడి 28-24తో గెలిచారు. ఆ వారం సేబన్ పిల్లలకు చెప్పింది, స్కోర్‌బోర్డు చూడొద్దు, గెలుపు గురించి ఆలోచించొద్దు, ముందున్న ఒక్క ప్లే మాత్రమే ఆడండి, అది అయ్యాక మర్చిపోయి తర్వాతది ఆడండి అని. మిషిగన్ స్టేట్‌లోనే సైకియాట్రీ ప్రొఫెసర్ లానీ రోజెన్ ఇచ్చిన సలహా అది. తర్వాత అలబామాలో పాతికేళ్ల పిల్లాడి నుంచి పెట్రోల్ బంకు పెద్దాయన దాకా అందరి నోటా వినిపించే "ప్రాసెస్" అనే మాట పుట్టింది ఆ రోజుల్లోనే. ఆ సీజన్ మాత్రం 6-6తోనే ముగిసింది, బౌల్ కూడా రాలేదు. రికార్డులో ఆ ఏడాది సున్నాతో సమానం. నా మటుకు నాకు ఆయన కెరీర్‌లో అంతకన్నా ముఖ్యమైన ఏడాది లేదు.

మరుసటేడు అక్టోబర్లో మిషిగన్ మా స్టేడియానికి వచ్చింది. టికెట్ దొరికింది, నేను చూశాను. మా ప్లాక్సికో బరెస్ ఒక్కడే 255 గజాల పాస్‌లు అందుకున్నాడు, నాలుగో క్వార్టర్లో 34-17 దాకా వెళ్లాం. చివర్లో మిషిగన్ ఆటగాడు టామ్ బ్రేడీ తేడా తగ్గించుకుంటూ 34-31 దాకా తెచ్చాడు, ఆ పది నిమిషాల టెన్షన్ ఇప్పటికీ ఒంట్లో ఉంది. ఆ సీజన్లో నోటర్ డేమ్, మిషిగన్, ఓహాయో స్టేట్, పెన్ స్టేట్ నాలుగింటినీ కొట్టారు. కోతలు పడిన ప్రోగ్రాంని అక్కడికి తెచ్చినవాడిని మామూలు కోచ్ అనడం నాకు మింగుడుపడదు.

టొలీడో 9-2 గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. ఓడిన రెండు గేమ్‌లూ 13-12, 14-10. రెండిట్లో కలిపి తేడా ఐదు పాయింట్లు. అప్పటికి ఆయన వయసు 39, హెడ్ కోచ్‌గా మొదటి ఏడాది.

ఎల్‌ఎస్‌యు సంగతి, మీ రూమ్మేట్ వాదన నిలబడనిది ఇక్కడే. 1999లో ఎల్‌ఎస్‌యు 3-8. ఈయన వచ్చిన మొదటి ఏడే 8-4, అందులో సొంత ఊళ్లో యూఏబీ చేతిలో 13-10 ఓటమి కూడా ఉంది, ఆ వారం బేటన్ రూజ్‌లో జనం ఎన్ని మాటలన్నారో. తర్వాత 10-3తో కాన్ఫరెన్స్ (ఒక ప్రాంతపు స్కూళ్ల గుంపు) టైటిల్, మధ్యలో 8-5, 2003లో 13-1, షుగర్ బౌల్‌లో ఓక్లహోమా మీద 21-14తో నేషనల్ టైటిల్. అంటే అలబామాలో అడుగు పెట్టకముందే ఒక టైటిల్ చేతిలో ఉంది. ఇంకా ఒకటి, ఎల్‌ఎస్‌యు 2007లో లెస్ మైల్స్ కింద మళ్లీ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో పెద్దవాళ్లు చాలామంది సేబన్ తెచ్చిన పిల్లలే. అది మైల్స్ రికార్డు, అందులో సందేహం లేదు. కానీ వదిలి వెళ్లిన జట్టు ఎలా ఉందో కోచ్ రికార్డులో కనిపించదు, అదే ఈ అంకెల్లో నాకు ఎప్పుడూ లోటుగా అనిపించేది.

అలబామాకి వచ్చేముందు మూడు స్కూళ్లలో కలిపి 91-42-1, శాతం 68. అలబామాలో 206-29, దాదాపు 88. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే మీ రూమ్మేట్ మాటే నిజమనిపిస్తుంది. చోటు బలం లేదని నేను అనను. ఇక్కడ డబ్బు ఉంది, పిచ్చి అభిమానం ఉంది, చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఆటగాళ్లు ఉన్నారు. అయితే 2006లో ఇదే అలబామా 6-7, అదే డబ్బు, అదే అభిమానం. ఆయన మొదటి ఏడు కూడా లూసియానా-మన్రో అనే చిన్న జట్టు చేతిలో 21-14తో ఓడాడు, అదీ సొంత మైదానంలో. ఆ మొదటి ఏడాది పక్కన పెట్టి 2008 నుంచి 2023 దాకా లెక్కేయండి: 199-23. పదహారేళ్లు, ప్రతి ఏడాదీ కనీసం పది గెలుపులు, సగటున ఏడాదికి ఒకటిన్నర ఓటమి కూడా లేదు. 2009, 2011, 2012, 2015, 2017, 2020 టైటిళ్లు. ఎల్‌ఎస్‌యుది కలిపితే ఏడు, బ్రయంట్‌కి ఆరు. వదిలిపెట్టిన ఎల్‌ఎస్‌యు మీద 2011 నవంబర్లో 9-6తో ఓడి, జనవరిలో టైటిల్ గేమ్‌లో వాళ్లనే 21-0తో కొట్టాడు. తన దగ్గర పనిచేసి వెళ్లిన కోచ్‌ల మీద వరసగా 24 గెలిచాక, 2021 అక్టోబర్లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ కోచ్ జింబో ఫిషర్ 41-38తో ఆ వరస తెంపాడు. మూడు నెలలకే టైటిల్ గేమ్‌లో ఇంకో పాత అసిస్టెంట్, జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ 33-18తో ఓడించాడు. చివరి ఓటమి 2024 జనవరి 1న రోజ్ బౌల్‌లో, మిషిగన్ చేతిలో, ఓవర్‌టైమ్‌లో 27-20. మా ఈస్ట్ లాన్సింగ్ రోజుల శత్రువు చేతిలోనే. తొమ్మిది రోజులకు రిటైరయ్యాడు.

వేరే కోచ్‌లతో పోల్చేటప్పుడు జాగ్రత్త. శాతం ఒక్కటే చూస్తే అర్బన్ మేయర్ నాలుగు స్కూళ్లలో 187-32, అంటే 85 శాతం పైనే, సేబన్‌కి 80 దగ్గర. మేయర్‌కి మిషిగన్ స్టేట్ లాంటి ఐదేళ్లు లేవు. బౌలింగ్ గ్రీన్‌లో 17-6, యూటాలో 22-2 చేసి రెండేసి ఏళ్లలోనే పైకి వెళ్లిపోయాడు. మొత్తం గెలుపులే చూస్తే బ్రయంట్ 323-85-17, మేరీలాండ్, కెంటకీ, టెక్సస్ ఏ అండ్ ఎమ్, అలబామా కలిపి 38 సీజన్లలో. సేబన్‌వి 28 సీజన్లే. అయితే బ్రయంట్ కాలంలో బౌల్ కాక ఏడాదికి పదకొండు గేమ్‌ల దాకానే ఉండేవి, సేబన్ చివరి ఏళ్లలో కాన్ఫరెన్స్ ఫైనల్, ప్లేఆఫ్ కలిపి పదిహేను దాకా పోయాయి. బాబీ బౌడెన్‌కి 377-129-4, ఆ లెక్క మొదలయ్యేది బర్మింగ్‌హామ్‌లోని హోవర్డ్ కాలేజీలో, ఇప్పటి శామ్‌ఫర్డ్. ఆయనకూ ఫ్లోరిడా స్టేట్‌లో 12 గెలుపులు చెరిపేశారు, అవి ఉంటే 389.

మీరు ఈ లెక్కలు ఒక షీట్‌లో రాసుకునేటప్పుడు ఒక్కో స్కూల్‌కి ఒక్కో వరుస పెట్టుకోండి. పక్కన ఆయన రాకముందు ఏడాది ఆ జట్టు రికార్డు ఒక గడిలో, రద్దయిన గెలుపులు ఇంకో గడిలో. టొలీడో వరుసలో రద్దయినవి ఏమీ లేవు, మిషిగన్ స్టేట్, ఎల్‌ఎస్‌యుల్లో కూడా ఆయన గెలుపులు ఏవీ పోలేదు, అలబామా వరుసలో మాత్రం 206 పక్కన 201 రాయండి. మిషిగన్ స్టేట్ వరుస పక్కన 1999కి 9-2 అని రాసి, పదో గెలుపు బాబీ విలియమ్స్‌ది అని చిన్నగా రాసుకోండి, లేకపోతే ఎవరో ఒకరు 298 అని వాదనకు దిగుతారు.